చిగురు మీద నల్లబుడగ

"ఈ మంచు ఇలాగే పట్టుకుని కూచుంటే పడవ రాదు. పడవ రాకపోతే పళ్ళ డాక్టరమ్మ రాదు. ఆవిడ రాకపోతే ఈ పిల్లని పెట్టుకుని నేనేం చెయ్యను, క్లేటన్?"

కిటికీ దగ్గర నిలబడి ఆ మాట అప్పటికి నాలుగోసారి అన్నాను. రేవు కనిపించడం లేదు. రేవు పక్కన ఉప్పు కొట్టు కనిపించడం లేదు. మా కంచె మీద ఆరేసిన వల కూడా సగం దాకా కనిపించి, ఆపైన తెల్లటి మంచులో కలిసిపోయింది.

నా మొగుడు టీ కలుపుకుంటున్నాడు. "ఏడింటికి కదా రావలసింది? ఇంకా ఆరున్నరేగా."

"ఆరు వారాలకి ఒక్కసారి వస్తుంది ఆవిడ. ఈ పూట తప్పితే మళ్ళీ ఆరు వారాలు."

"మంచులో రావడం ఆ కెప్టెన్‌కి కొత్తా? కళ్ళు మూసుకుని తెచ్చేస్తాడు."

"కళ్ళు మూసుకుని తెస్తాడనే నా భయం."

మామూలుగా అయితే ఇలాంటి మాటకి క్లేటన్ బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వుతాడు. ఆ వేళ నవ్వలేదు. కలిపిన టీలోనే మళ్ళీ చెంచా వేసి తిప్పుతూ ఉన్నాడు. నేను పట్టించుకోలేదు. నా భయంతోనే నాకు సరిపోయింది.

పొయ్యి పక్క కుర్చీలో మా మామగారు ఆంబ్రోజ్ కూర్చున్నారు. ఆయన ఒళ్ళో దుప్పటి చుట్టుకుని మా ట్రూడీ. దానికి మొన్ననే ఆరేళ్ళు నిండాయి. ఆదివారం రాత్రి మొదలైన జ్వరం మంగళవారం పొద్దుటికీ దిగలేదు. ఎడమ చెంప బయటికి ఉబ్బింది. రొట్టెపిండి వేయించి, పైన బెల్లప్పాకం పోసి ఇస్తే రెండు పళ్ళేలు తినే పిల్ల, పాలు కూడా ఒద్దని మూతి తిప్పేసుకుంటోంది.

"ఏదీ, నోరు తెరువు బంగారం."

"ఇందాకే తెరిచాను."

"మళ్ళీ ఒక్కసారి."

"పాప్, అమ్మ చూసినప్పుడల్లా అది పెద్దదవుతోంది. చూడద్దని చెప్పు."

తాతని పాప్ అనే పిలుస్తుంది అది. మా మామగారు పెద్దగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దానిని కిటికీ దగ్గరకు తెచ్చి, గడ్డం పట్టుకుని చూశాను.

పది రోజుల కిందట నేను మొదటిసారి చూసినప్పుడు, కింది వరసలో చివరి పాలపన్ను వెనక, చిగురు మీద నల్లగా నీలంగా ఒక బుడగ ఉంది. మా వెనక గుట్ట మీద కాసే బ్లూబెర్రీ పండంత. నొప్పి లేదంది. వేలితో నొక్కితే మెత్తగా ఉంది. ఇప్పుడది నల్లగా లేదు. ఎర్రగా పొంగి, నడిమధ్య తెల్లటి చుక్క పెట్టి, దగ్గరికి వెళితే వాసన కూడా వేస్తోంది.

"పెరిగింది," అన్నాను. "రాత్రికంటే పెరిగింది."

"పెరుగుతుంది. పెరిగి చితుకుతుంది. చితికాక మానుతుంది," అన్నారు మామగారు. "నీటి కురుపు అంతే అమ్మాయ్. నేను చెబుతూనే ఉన్నాను."

ఆయన చేతులు ముందుకు చాపారు. రెండు మణికట్ల చుట్టూ తెల్లటి మచ్చలు, గాజులు తొడిగినట్టు. మా సాడిల్ కోవ్ ఊళ్ళో పడవ ఎక్కిన ప్రతి మగవాడికీ ఉంటాయి అవి. తడిసిన కోటు చేతుల అంచు ఒరుసుకుని, ఉప్పునీళ్ళు తగిలి, చలికాలం అంతా కురుపులు లేస్తాయి. లేవకుండా మణికట్టుకి ఇత్తడి గొలుసు కడతారు. లేస్తే సూది కాల్చి పొడుస్తారు, రొట్టె నానబెట్టి వేడి వేడిగా కట్టు కడతారు. నలభై ఏళ్ళు అదే వైద్యం చేసుకున్న మనిషికి, మనవరాలి నోట్లో బుడగ కనిపిస్తే ఇంకేం తోస్తుంది? తన గొలుసు విప్పి, దాని చేతికి మూడు చుట్లు చుట్టి కట్టారు.

"నోట్లో నీటి కురుపేంటి మామయ్యా? దాని నాలుక కోటు తొడుక్కుని పడవెక్కిందా?"

"రోజంతా ఉప్పుచేప ముక్క చప్పరిస్తుంది కదే! ఉప్పు ఎక్కడ ఒరిస్తే అక్కడే లేస్తుంది. దానికి చెయ్యేమిటి, నోరేమిటి?"

"ఉప్పుచేప ఇచ్చేదెవరు మరి?"

"నేనే. మా అమ్మ నాకిచ్చింది. నేను క్లేటన్‌కిచ్చాను. ఎవరం పోయాం?"

పోయాం అన్న మాట వినగానే మెల్విన్ గుర్తొచ్చాడు.

మా అక్క కొడుకు మెల్విన్‌కి కూడా మొదట చిగురే. పళ్ళు తోముకుంటే రక్తం వచ్చిందన్నారు. ఏదో గీరుకుందన్నారు. తరవాత కాళ్ళ మీద నల్ల మచ్చలు. తరవాత జ్వరం. ఒకరోజు సాయంత్రం మొదలైన రక్తం తెల్లారినా ఆగలేదు. సెయింట్ జాన్స్ పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళితే, రక్తంలోనే జబ్బు ఉందన్నారు. పదకొండు వారాల్లో పోయాడు. ఏడేళ్ళ పిల్లాడు. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఆ జబ్బు పేరు నాకు సరిగ్గా పలకడం కూడా రాదు. కానీ అది ఎలా మొదలవుతుందో మాత్రం నాకు బాగా తెలుసు.

"దాని కాలు చూశారా?" అన్నాను. మేజోడు కిందికి లాగాను. "ఇది చూడండి. ఇదీ. ఇంకోటి ఇదీ. మూడు మచ్చలు."

"కంచె దూకాను," అంది ట్రూడీ.

"మూడుసార్లా?"

"ఐదుసార్లు. రెండుసార్లు పడలేదు."

"లోరీ." క్లేటన్ చెంచా కింద పెట్టాడు. "ప్రతి రక్తపు చుక్కా మెల్విన్ కాదు. పోయిన వారం నుంచి చెబుతున్నాను. వెయ్యిసార్లు చెప్పాను."

"వెయ్యిసార్లు నవ్వావు."

"నవ్వక ఏం చెయ్యమంటావు? నీతోపాటు కూచుని ఏడవమంటావా?"

"ఏడిస్తే ఏం పోయింది? నీ కూతురు కాదా అది? ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి దాని కాలరు మీద రక్తం. ఎలా వచ్చిందే అంటే, దానంతట అదే వచ్చింది అంది. దానంతట అదే! మెల్విన్‌కీ అలాగే వచ్చింది. ఆ రాత్రికే జ్వరం. ఇంకా నన్ను భయపడొద్దంటావా?"

క్లేటన్ మళ్ళీ చెంచా అందుకున్నాడు. ట్రూడీ దుప్పటి అంచు నోట్లో పెట్టుకుంది.

రేవు దాకా వెళ్ళాలి కదా అని దాని కోటు తీశాను. పైగుండీ ఊడి వేలాడుతోంది. దారం కోసం అలమర మీద ఉన్న మామగారి రేకు డబ్బా దించాను. తెరచాపలు కుట్టే సామాను అది. మూత తియ్యగానే పైనే కనిపించింది సూది. తెరచాప సూది, నా మధ్యవేలంత పొడుగు. దాని మొన నల్లగా మాడి ఉంది.

ఆ సూదిని నేను ఎరుగుదును. పోయిన నెల మామగారి కోటు చిరుగు కుట్టింది దానితోనే. అప్పుడది మెరుస్తూ ఉంది.

ఒక్క క్షణం నాకు ఏమీ అర్థం కాలేదు. తరవాత అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

"మామయ్యా, ఇది ఎవరు కాల్చారు?"

ఆయన సూది వంక చూశారు. నా వంక చూశారు. నా వెనక్కి చూశారు.

"పిల్ల నోట్లో పొడిచారా మీరు? నేను ఇంట్లో లేనప్పుడు, దేవుడి ముందు మోకాళ్ళ మీద ఉన్నప్పుడు, చేప కడుపు చీల్చినట్టు దాని చిగురు చీల్చారా?"

"లోరీ, ఒద్దు," అన్నాడు క్లేటన్.

"ఎందుకొద్దు? మీ నాన్నని ఒక్క మాట అంటే నీకు పడదు. పిల్ల చచ్చిపోతే పడుతుందా?"

"అమ్మా," అంది ట్రూడీ. దాని కళ్ళ నిండా నీళ్ళు.

"నువ్వు చెప్పు. పాప్ పొడిచాడా?"

ట్రూడీ కూడా నా భుజం మీదుగా వెనక్కి చూసింది. తల అడ్డంగా ఊపింది. మామగారు దాని నెత్తి మీద చెయ్యి వేశారు.

"పిల్లని అడక్కు అమ్మాయ్. నన్ను తిట్టాలంటే తిట్టు. నాకేం, తోలు మందం."

"అంటే పొడిచారన్నమాటేగా?"

ఆరడుగుల మనిషి, స్కిప్పర్‌గా తుఫానులో పడవ పట్టుకొచ్చిన మనిషి, పొయ్యి వంక చూస్తూ ఊరుకున్నారు.

అప్పుడు మంచులోంచి పడవ కూత వినిపించింది.

* * *

చర్చి హాల్లో, పోయిన క్రిస్మస్‌కి పిల్లలు నాటకం వేసిన అరుగు మీద తెర దించి, దాని వెనక మడత కుర్చీ వేసుకుని కూర్చుంటుంది డాక్టర్ కీలీ. యాభై దాటిన మనిషి, పొట్టి. ఏ రేవులో దిగినా గొంతు మాత్రం ఆవిడకంటే ముందు దిగుతుంది.

బెంచీ మీద అప్పటికే పదిమంది ఉన్నారు. చేపల ఫ్యాక్టరీలో నా పక్క బల్ల దగ్గర పనిచేసే వినీ బుగ్గకి గుడ్డ కట్టుకుని మొదట కూర్చుంది. ట్రూడీ మొహం చూసి లేచి నిలబడింది.

"నువ్వు ముందెళ్ళు లోరెట్టా. నా పన్ను నాలుగు నెలల నుంచి పీకుతోంది. ఇంకో గంట పీకితే నా సొమ్మేం పోదు."

తెర లోపలికి వెళ్ళాం. ట్రూడీని కుర్చీలో కూర్చోబెట్టాను. క్లేటన్ గోడ దగ్గర నిలబడ్డాడు. మామగారు రానన్నారు, మళ్ళీ వచ్చారు. అరుగు వెనక తలుపు పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఇంటి దగ్గర నుంచి నేను ఆయనతో మాట్లాడలేదు.

"ఈ చేతికి ఏంటమ్మా ఈ లంగరు గొలుసు?" అంది డాక్టర్ కీలీ.

"పాప్‌ది. కురుపులు రాకుండా," అంది ట్రూడీ.

"మా నాన్నకీ ఉండేదిలే. ఆయన కురుపులు మాత్రం దాన్ని లెక్కచెయ్యలేదు. ఏదీ, నీ పళ్ళు నువ్వే లెక్కపెట్టి చూపించు నాకు."

ట్రూడీ పదకొండు దాకా లెక్కపెట్టి, నొప్పి పుట్టి ఆగింది. అప్పటికి ఆవిడ అద్దం లోపల పెట్టేసింది. నవ్వుతున్న మొహం మెల్లగా పనిలో పడిపోయింది. లైటు ఆపమంది. చిన్న టార్చి వెలిగించి చిగురు పక్కన పెట్టింది. ఆ మసక వెలుగులో నా కూతురి దవడ లోపల ఎర్రగా, దీపానికి అడ్డం పెట్టిన గుడ్డులా వెలిగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

తరవాత ఎక్స్‌రే తీసింది. ఫిల్మ్ కడగడానికి నల్లపెట్టెలో పెట్టి, అయిదు నిమిషాలు ఆగమంది. ఆ అయిదు నిమిషాల్లో నేను ట్రూడీ శవపేటికకి ఏ గుడ్డ వెయ్యాలో కూడా అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది కాని అనుకున్నాను.

"ఇటు రండి," అంది ఆవిడ. ఫిల్మ్‌ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. "ఇది పాలపన్ను. దాని వెనక ఈ పెద్దది కనిపిస్తోందా? ఇది ఆరేళ్ళకి వచ్చే దవడ పన్ను. ఇది ఎముక దాటి పైకి వచ్చేసింది. పైన ఒట్టి చిగురు పొరే ఉంది. పన్ను పైకి వచ్చేటప్పుడు ఒక్కోసారి దాని చుట్టూ నీళ్ళు చేరి తిత్తిలా ఉబ్బుతుంది. అందులోకి కాస్త రక్తం దిగితే నీలంగా, నల్లగా కనిపిస్తుంది. చూసినవాళ్ళ గుండె ఆగుతుంది, పిల్లకి మాత్రం ఏమీ కాదు."

"ఏమీ కాదా?"

"ముట్టుకోకుండా వదిలేస్తే చాలామందికి నమలగా నమలగా అదే చితికి, పన్ను బయటికి వస్తుంది. నేను ఏడాదికి పదిమందిని చూస్తాను. పదిమంది తల్లులూ మీలాగే ఉంటారు."

నా గుండె మీది రాయి సగం లేచింది. సగమే. ఆవిడ ఇంకా ఫిల్మ్ వంకే చూస్తోంది.

"కాని ఇది అలా లేదు," అంది. "ఇందులో చీము పట్టింది. జ్వరం ఉంది. వట్టి తిత్తికి జ్వరం రాదు. ఎప్పటి నుంచి?"

చెప్పాను. ఆదివారం కాలరు మీద రక్తం, ఆ రాత్రి జ్వరం, కాలి మీద మచ్చలు, అన్నీ చెప్పాను. ఆగలేక మెల్విన్ సంగతీ చెప్పాను. చిగురు నుంచి మొదలైందన్నాను. పదకొండు వారాలన్నాను. చెబుతూ ఉంటే క్లేటన్ అటు తిరిగి గోడకి చెయ్యి ఆనించాడు.

డాక్టర్ కీలీ ఈసారి నవ్వలేదు. "మీ సొంత అక్క కొడుకా?"

"సొంత అక్క."

ఆవిడ ట్రూడీ చొక్కా పైకెత్తి వీపు చూసింది, పొట్ట చూసింది. మెడ కింద వేళ్ళు పెట్టి నొక్కింది. కాళ్ళు చూసింది. "కాళ్ళ మీదివి ఏ పిల్లకైనా ఉంటాయి. వీపు మీద లేవు. మంచిదే. మీ అక్క కొడుక్కి వచ్చింది మీ పిల్లకీ రావాలని ఏమీ లేదు. అయినా రక్తం దానంతట అదే వచ్చిందంటున్నారు. అది నాకు నచ్చడం లేదు."

"అంటే?"

"చెబుతాను, కంగారు పడకుండా వినండి. ఈ పైపొర కాస్త కోసి చీము వదిలించి కడిగితే, లోపలి పన్ను బయటపడుతుంది. మందు ఇస్తాను. రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. నాకు పది నిమిషాల పని. కాని పిల్ల రక్తంలో ఏదైనా తేడా ఉంటే, గడ్డకట్టకపోతే, ఈ అరుగు మీద కత్తి పెట్టాక ఆ రక్తం ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు. అలాంటి అనుమానం ఉండగా నేను ముట్టుకోను. పది గంటలకి పడవ వెళుతుంది. దానిలోనే పిల్లని పెద్దాసుపత్రికి పంపిస్తాను. రక్తం పరీక్ష అయ్యాకే కత్తి."

పెద్దాసుపత్రి. మా అక్క మెల్విన్‌ని అదే పడవ ఎక్కించింది. ఒక్కతే దిగింది.

ట్రూడీ నా వేలు పట్టుకుంది.

"ఒక్క సంగతి తేలితే నాకు చాలు," అంది డాక్టర్ కీలీ. గొంతు తగ్గించింది. అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. "ఆ బుడగ మధ్యలో చిన్న కన్నం ఉంది. గుండ్రంగా ఉంది. దానంతట అది చితికితే అలా ఉండదు. ఎవరైనా దీన్ని గుచ్చారా?"

ఆవిడ మా అందరినీ ఒక్కొక్కరినే చూసింది.

"నేను పోలీసుని కాను. ఎవరినీ తిట్టను కూడా. ఎవరైనా గుచ్చి ఉంటే, చీము ఎలా పట్టిందో తెలుస్తుంది. గుచ్చాక రక్తం ఎంతసేపట్లో ఆగిందో తెలిస్తే, నాకు ఇంకా పెద్ద సంగతి తెలుస్తుంది. బంగారం, నువ్వు చెబుతావా? ఎవరైనా గుచ్చారా?"

ట్రూడీ పెదాలు బిగించింది. "చెప్పకూడదు."

"ఎవరన్నారు చెప్పకూడదని?"

"అదీ చెప్పకూడదు."

తెర అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. వినీ అయి ఉంటుంది. వెంటనే ఆపేసింది.

నేను మామగారి వైపు తిరిగాను. పొద్దున ఈ మనిషినే, పిల్ల నోట్లో సూది పెట్టాడని, నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు అదే మనిషి ముందు చేతులు జోడించి, పెట్టావని చెప్పవయ్యా అని అడుక్కోవడానికి నిలబడ్డాను. ఆయన గుచ్చి ఉంటే నా కూతురు బతుకుతుంది. గుచ్చకపోతే పడవ ఎక్కుతుంది. నా బుర్రలో అంతకుమించి ఏమీ లేదు.

"మామయ్యా, పొద్దున అన్న మాటలన్నీ మరిచిపోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. చెప్పండి. మీరే కదా? మీ నీటి కురుపు అనుకుని మీరే కదా గుచ్చింది? నేనేమీ అనను. ఈ జన్మలో ఇంకేమీ అనను."

"అంత పెద్ద మాట ఇవ్వకు అమ్మాయ్, నిలబెట్టుకోలేవు," అన్నారు ఆయన. చేతిలో టోపీని ఒక చుట్టు తిప్పారు. "సూది నాదే."

"చూశారా!" అన్నాను డాక్టర్‌తో. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. "ఆయనే. ఆయనే గుచ్చారు."

డాక్టర్ కీలీ నా వంక చూడలేదు. మామగారి వంకే చూస్తోంది.

"సూది మీదే స్కిప్పర్ గారూ, ఒప్పుకున్నాను. గుచ్చిన చెయ్యి ఎవరిది? రక్తం ఎంతసేపటికి ఆగిందో మీరు చెప్పగలరా?"

మామగారు తల ఎత్తారు. చెప్పలేరని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. అబద్ధమైనా చెబుతారేమోనని ఎదురుచూశాను. పెదాలు కదిలాయి కూడా. మనవరాలి ప్రాణం మీద అబద్ధం ఆడలేకపోయారు. మళ్ళీ పొద్దున చూసినట్టే, నన్ను దాటి నా వెనక్కి చూశారు.

ఈసారి నేనూ తిరిగి చూశాను.

గోడ దగ్గర క్లేటన్. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఎప్పుడూ నా చూపు తప్పించని మనిషి నేల వంక చూస్తున్నాడు.

బయట పడవ మొదటి కూత వేసింది.

"నేను," అన్నాడు.

"నువ్వా?"

"ఆదివారం. నువ్వు చర్చికి వెళ్ళావు. నాన్న పడవలో నీళ్ళు తోడడానికి వెళ్ళాడు. పొయ్యి మీద ఎర్రగా కాల్చాను. చల్లారాక ఒక్కసారే పొడిచాను. ఎవరితోనూ చెప్పొద్దని దాన్ని నేనే ఒట్టు వేయించుకున్నాను. నాన్న వచ్చేసరికి సూది ఇంకా నా చేతిలోనే ఉంది."

"రక్తం?" అంది డాక్టర్ కీలీ.

"మొదట నల్లగా, నీళ్ళలా వచ్చింది. తరవాత ఎర్రగా. మూడు నిమిషాలు. ఇంకో పావు నిమిషం ఉంటుందేమో, అంతే. ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. రాత్రి లేచి కూడా చూశాను."

"మూడుంబావు నిమిషాలు. అంత కచ్చితంగానా?"

"గడియారం ముందు పెట్టుకుని కూచున్నాను."

ఆవిడ ఊపిరి వదిలింది. పక్కకి నెట్టిన పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుని, చేతులు కడుక్కోవడానికి లేచింది. "మామూలుగానే ఆగింది. పడవని వెళ్ళమనండి," అంది ఎవరితోనో. ట్రూడీ, "నాన్నా, నేను చెప్పలేదు. నువ్వే చెప్పేశావు," అంది.

అది నాకు వినిపించింది గాని మనసుకి ఎక్కలేదు. నేను క్లేటన్ దగ్గరికి వెళ్ళాను. సంతోషించాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు. పది రోజులు నన్ను చూసి నవ్విన మనిషి. పొద్దున నేను ఆ ముసలాయన్ని అన్ని మాటలంటుంటే గోడలా నిలబడిన మనిషి. అన్నీ అడగాలని వెళ్ళి ఒక్కటే అడిగాను.

"నీటి కురుపు పొడిచేవాడివి పొడిచి ఊరుకోవచ్చుగా. ముందర గడియారం ఎందుకు పెట్టుకున్నావు?"

క్లేటన్ తల దించి కోటు గుండీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

డాక్టర్ కీలీ చేతులు కడుక్కోవడం అయింది. సబ్బు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. మామగారు తలుపు తీసుకుని బయటికి వెళ్ళారు. పడవ రెండో కూత వేసి, రేవు వదిలి, ఆ చప్పుడు మంచులో దూరమైపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. చెబితే గాని కదలనని అతనికి తెలుసు.

అప్పుడు తల ఎత్తాడు.

"మెల్విన్‌కి ఆగలేదని నువ్వే చెప్పావు కదా లోరీ," అన్నాడు. "దీనికి ఆగుతుందో లేదో చూద్దామనే పొడిచాను."